పాతర, గట్టు, పొట్టు: ఇంగ్లండ్ సుద్దనేలలో ఒక పొలం కథ

దక్షిణ ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ కౌంటీలో, ఆండోవర్ పట్టణం చుట్టుపక్కల ఇళ్లు కట్టబోయే ఒక పొలం మీద నేను చేసిన పని ఇది. పొలం ఎవరిదో, కట్టింది ఎవరో రాయను. ఈ దేశంలో పాత ఆనవాళ్లు ఉండవచ్చన్న చోట కట్టుబడికి అనుమతి కావాలంటే ముందు ఆ నేల అడుగున ఏముందో తేల్చాలి. 1990లో వచ్చిన ప్లానింగ్ మార్గదర్శకాల నుంచి ఆ ఖర్చు కట్టేవాళ్లే పెట్టుకుంటారు. అందుకే ఇక్కడి తవ్వకాల్లో చాలావరకు యూనివర్సిటీలవి కావు, మాలాంటి కాంట్రాక్టు వాళ్లవి. అందులోనూ నా పని తవ్వడం కాదు. తవ్విన మట్టిని కడిగి, మాడిపోయి మిగిలిన గింజలు, పొట్టు, కలుపు విత్తనాలు ఏరి, ఏ పంటో, ఏ పని జరుగుతుండగా మాడిందో చెప్పడం. కర్నూలు వైపు మా ఊళ్లో అడిగితే "మట్టి కడిగి గింజలు ఏరుకుంటా" అంటాను. దానికి ఇంగ్లండ్ దాకా పోవాలా అని నవ్వుతారు.

ఆ పొలంలో మాకు దొరికినవి మూడు: వాలుకు అడ్డంగా ఒక పాత గట్టు, సుద్దరాయిలోకి తవ్విన కొన్ని గుంతలు, రోమన్ కాలపు పొయ్యి ఒకటి. గోడల్లేవు, మొజాయిక్ నేలల్లేవు, బంగారం అసలే లేదు. పని మొదలైన రోజు కంపెనీ మనిషి వచ్చి చూసి "ఇంతేనా" అన్నాడు. ఇంతే. కానీ ఈ మూడింటి మధ్య దాదాపు రెండువేల ఏళ్ల సేద్యం ఉంది. అందులో రోమన్లు వచ్చాక ఏం మారిందో, ఏం మారలేదో తేల్చడం నా వంతు. పొయ్యి విషయంలో నా మొదటి జవాబు తప్పని తర్వాత తేలింది. అదీ చెబుతాను.

ఈ నేల గురించి ముందు తెలిసింది

ఆండోవర్ దగ్గర డేన్‌బరీ అనే గుట్ట ఉంది. గుట్ట చుట్టూ మట్టికట్టలు, కందకాలు. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దం ప్రాంతం నుంచి కొన్ని వందల ఏళ్లు జనం వాడిన ఇనుపయుగపు కోట అది. పురావస్తువేత్త బారీ కన్లిఫ్ 1969 నుంచి 1988 దాకా ప్రతి ఏడూ అక్కడ తవ్వించాడు. గుంతలే రెండువేలకు పైగా బయటపడ్డాయి. తర్వాత ఆయన బృందం గుట్ట దిగి చుట్టుపక్కల ఇనుపయుగపు ఊళ్లను (1989-96), ఆపైన అదే ప్రాంతంలోని రోమన్ కాలపు వ్యవసాయ క్షేత్రాలను (1997-2006) తవ్వింది. కోటతో ఆగకుండా కోటకు తిండి పెట్టిన పొలాలనూ చూడాలన్న పట్టుదల నాకు నచ్చుతుంది. మా పొలం ఆ చదువు పరిధిలోనే ఉంది. కాబట్టి మాకు కొత్తగా కనిపించిందేదైనా పోల్చుకోవడానికి పక్కనే లెక్కలున్నాయి. చిన్న కాంట్రాక్టు పనికి ఇలాంటి అదృష్టం తరచూ దొరకదు.

గట్టు

పొలంలో నిలబడి చూస్తే గట్టు కనపడదు. నడిస్తే కాలికి తెలుస్తుంది, ఒకచోట అడుగు కొంచెం కిందికి పడుతుంది. పొద్దు వాలాక చూస్తే పల్చటి నీడ. విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచి తీసే లైడార్ చిత్రంలో మాత్రం గళ్లగుడ్డ పరిచినట్టు కనిపించింది: పొలమంతా చదరపు మడులు, పక్క పొలంలోకీ సాగిపోయాయి.

వీటికి ఇంగ్లండ్‌లో వాడుక పేరు "కెల్టిక్ పొలాలు". పేరు సరైంది కాదు, కానీ అతుక్కుపోయింది. పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినవాడు ఓ.జి.ఎస్. క్రాఫర్డ్. 1886లో మన బొంబాయిలో పుట్టాడు, తర్వాత ఇంగ్లండ్ సర్వే సంస్థలో మొదటి పురావస్తు అధికారి అయ్యాడు. 1920ల మొదట్లో వైమానిక దళం వాళ్లు వేరే పనికి తీసిన ఫొటోల్లో, హాంప్‌షైర్ కొండవాలుల మీద ఈ గళ్లు చూసి ఇవి రోమన్లకు ముందునాటి పొలాలని గుర్తుపట్టాడు. నేల మీద తిరిగినవాళ్లకు ముక్కలుగా అందింది ఆకాశం నుంచి ఒక్క చూపులో అందింది.

ఒక్కో మడి పావు ఎకరం నుంచి ఎకరంన్నర దాకా ఉంటుంది. ఎందుకు చదరంగా ఉంటాయంటే, అప్పటి నాగలి మన కొయ్యనాగలి లాంటిదే. మా వైపు మడక అంటాం. అది మట్టిని చీలుస్తుంది కానీ తిరగెయ్యదు. ఒక్కసారి నిలువుగా దున్నితే సాళ్ల మధ్య నేల బిగుసుకునే ఉంటుంది, కాబట్టి అడ్డంగా ఇంకోసారి దున్నాలి. ఇరువాలు దున్నినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. విల్ట్‌షైర్‌లో ఏవ్‌బరీ దగ్గర సౌత్ స్ట్రీట్ అనే చోట, ఒక కొత్తరాతియుగపు సమాధిదిబ్బ కింద సుద్ద మీద నిలువు, అడ్డ సాళ్ల గీతలు అలాగే దొరికాయి. ఐదువేల ఏళ్లకు పైబడిన దుక్కి. నేను ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది గీతల వయసు చూసి కాదు, సాళ్ల మధ్య ఎడం చూసి. మా తాత దున్నిన ఎడమే.

గట్టు ఎవరూ కట్టింది కాదు. వాలు నేలను ఏటా దున్నితే మట్టి కొంచెం కొంచెంగా కిందికి జారుతుంది. మడి కింది అంచున కంచో, దున్నని పట్టీనో ఉంటే అక్కడ ఆగి పేరుకుంటుంది. పై అంచున తరిగిపోతుంది. కొన్ని వందల ఏళ్లకు మెట్టు తయారవుతుంది. అందుకే గట్టును అడ్డంగా కోస్తే సేద్యం ఎంతకాలం జరిగిందో పొరలుగా కనిపిస్తుంది.

మేం కోశాం. అడుగున, పాత నేల మీద చెకుముకి రాయి పొడి కలిపి చేసిన మొరటు కుండపెంకులు దొరికాయి. క్రీస్తుపూర్వం 1500 తర్వాతి నడిమి కంచుయుగపు రకం. పైపొరల్లో రోమన్ పెంకులు, అంచులు అరిగి గుండ్రంగా. ఈ అరగడం ముఖ్యం. పొలంలో ఎవరూ కూర్చుని కుండలు పగలగొట్టుకోరు. ఇంటి దగ్గర పెంటదిబ్బలో పడ్డ పెంకు పెంటతోపాటు బండెక్కి పొలానికి వస్తుంది, ఆ తర్వాత ఏటా నాగలి దానిని దొర్లిస్తుంది. ఒక పొలంలో అరిగిన చిన్న పెంకులు పలచగా, సమంగా పరుచుకుని ఉంటే అక్కడ ఊరు ఉందని కాదు, అక్కడికి పెంట తోలేవాళ్లని. సర్వేలో కొత్తగా చేరిన పిల్లలు ప్రతిసారీ చేసే పొరపాటు ఇదే, పెంకు కనిపిస్తే ఇల్లు అంటారు.

గట్టు మట్టిలో గింజలు దాదాపు లేవు, నత్తలున్నాయి. సుద్దనేలలో సున్నం ఎక్కువ కాబట్టి నత్తగుల్లలు వేల ఏళ్లు నిలుస్తాయి. మిల్లీమీటర్లలో ఉండే గుల్లలు, మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్కోటి ఒక్కో నగ. డిస్కస్ రోటుండేటస్ చెట్ల నీడలో బతుకుతుంది. పుపిల్లా మస్కోరం ఎండ తగిలే బయలు నేలలో. అడుగు పొరలో నీడ నత్తలు కొన్ని, పైకి వచ్చేకొద్దీ అవి పోయి ఎండ నత్తలే. అంటే ఇక్కడి నేల ఒకప్పుడు చెట్ల కింద ఉన్నదే, కొట్టి మడి చేశారు, ఆ తర్వాత మళ్లీ చెట్లను ఎదగనివ్వలేదు. సెసిలియోయిడెస్ అనే తెల్లటి సూదిలాంటి నత్త కూడా కుప్పలుగా వచ్చింది. దానిని లెక్కలోంచి తీసేస్తాం, ఎందుకంటే అది భూమిలోకి దిగి బతికే రకం. నిన్న చచ్చిందీ మూడువేల ఏళ్ల పొరలో కనిపిస్తుంది.

పాతర

ఇంగ్లండ్ పురావస్తు చరిత్రలో నాకు బాగా ఇష్టమైన పొరపాటు ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దం నుంచి సుద్దనేలల్లో ఈ గుంతలు దొరుకుతూ ఉంటే, ఇనుపయుగపు జనం వాటిలోనే కాపురం ఉండేవాళ్లని పండితులు రాశారు. అడుగున బూడిద, ఎముకలు, పెంకులు ఉన్నాయి కదా, అదే ఇల్లు అని. 1938-39లో గెర్హార్డ్ బెర్సు అనే జర్మన్ పురావస్తువేత్త సాల్స్‌బరీ దగ్గర లిటిల్ వుడ్‌బరీలో తవ్వి, గుంజల గుంతల వరస చూపించి "ఇల్లు ఇదిగో, పైన గుండ్రంగా ఇంత పెద్దది, ఆ గుంతలు ధాన్యం దాచుకున్నవి" అని తేల్చాడు. నాజీల వల్ల సొంత దేశంలో ఉద్యోగం పోయి వచ్చినవాడు. యుద్ధం రాగానే బ్రిటన్ ఆయన్ని జర్మన్ పౌరుడని మాన్ దీవిలో నిర్బంధించింది. అక్కడా తవ్వకాలు ఆపలేదు.

తెలుగు పల్లె మనిషి ఎవరికి చూపించినా మొదటిరోజే చెప్పేవాడు: అది పాతర. మూతి ఇరుకు, లోపల కుండలా వెడల్పు. జొన్నలు పోసి, మూతి మూసి, మట్టితో మెత్తి, వచ్చే కరువుకు దాచుకునేది.

మా పొలంలో తవ్విన గుంతల్లో పెద్దది మనిషి లోతు. అడుగుకు వెళ్లేకొద్దీ గోడ బయటికి జరిగి, గుంత వెడల్పవుతోంది. ఆ ఫొటో నాయనకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమ్మా, దిగే ముందర దీపం దించినారా?"

"ఎప్పుడో పూడిపోయింది నాయనా. మట్టి తీస్తేనే గుంత కనపడింది. లోపల గాలి ఆడుతోంది."

"అయినా సరే. మా చిన్నప్పుడు పాతర తీస్తే ఒక పూట వదిలేసేవాళ్లం. దీపం ఆరిపోతే ఆ పొద్దు ఎవురూ దిగరు."

ఆయన చెప్పినదానికీ బట్సర్ ప్రయోగాలకూ తేడా లేదు. హాంప్‌షైర్‌లోనే బట్సర్ అనే చోట 1970ల నుంచి ఒక ఇనుపయుగపు పొలాన్ని మళ్లీ నడిపి చూశారు. పీటర్ రెనాల్డ్స్ చాలా ఏళ్లు దానికి పెద్ద. సుద్దలో గుంతలు తవ్వించి, బార్లీ, గోధుమ పోసి, మట్టితో మూయించి, లోపలి గాలిని కొలిచాడు. గోడకు ఆనుకున్న గింజలు చెమ్మకు మొలకెత్తుతాయి. మొలకెత్తుతూ లోపలి ఆక్సిజన్ తినేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. దాంతో మిగిలిన గింజంతా నిద్రపోతుంది. మొలక ఆగుతుంది, పురుగు బతకదు, బూజు ముందుకు పోదు. చలికాలం దాటాక తీస్తే విత్తనానికి కూడా పనికొచ్చేంత బాగుంది. గోడకు అంటిన పొర ఒక్కటే నష్టం. దీపం ఆరిపోయేది ఆ గాలికే.

ఇక్కడ నా వృత్తిలో తరచూ జారే చోటు చెప్పాలి. పాతరలో దొరికిన గింజలు పాతరలో దాచిన గింజలు కానక్కర్లేదు. ధాన్యం తీసేశాక గుంత చెత్తకుండీ అవుతుంది. పొయ్యి బూడిద, ఊడ్చిన చెత్త, విరిగిన ఎముకలు అందులో పోస్తారు. డేన్‌బరీ గుంతల అడుగున గుర్రం తలలు, కుక్కలు, మాలకాకులు, కొన్నిచోట్ల మనుషులు కూడా దొరికారు. అవి చెత్త అనుకోవడం కష్టం. ఏదో మొక్కు అనేది ఇప్పుడు చాలామంది ఒప్పుకునే మాట. మా గుంతల్లో అంత నాటకం లేదు. ఒకదాంట్లో మాత్రం అడుగున నల్లటి సన్నపొర ఉంది. నలభై లీటర్లు, నాలుగు బకెట్లు తీశాం.

మట్టి కడగడం

బియ్యం కడిగేటప్పుడు తాలు పైకి తేలుతుంది కదా, సూత్రం అదే. ట్యాంకులో వలగుడ్డ మీద మట్టి పోసి అడుగు నుంచి నీళ్లు పంపిస్తే మట్టి కరిగి కిందికి పోతుంది, మాడిన గింజలు తేలికై నీళ్లతోపాటు పొర్లి సన్నజల్లెడలో పడతాయి. జల్లెడ కన్ను పావు మిల్లీమీటరు. నీడలో మెల్లగా ఆరబెట్టాలి, ఎండలో పెడితే పగిలిపోతాయి. మాడిన గింజే ఎందుకు నిలుస్తుందంటే, గాలి చాలని మంటలో అది బొగ్గైపోతుంది, బొగ్గును ఏ సూక్ష్మజీవీ తినదు. పచ్చిగింజ ఈ నేలలో మిగలదు. అంటే మేం చదివేదంతా ప్రమాదాల చరిత్ర: పొయ్యిలో పడింది, అంటుకుంది, తగలబెట్టేశారు.

ఈ పద్ధతినే లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన డోరియన్ ఫుల్లర్ మన వైపు కూడా వాడాడు. కర్ణాటక, కర్నూలు, కడప ప్రాంతాల కొత్తరాతియుగపు ఊళ్ల మట్టి కడిగితే వచ్చినవి ఉలవలు, పెసలు, అండుకొర్ర. గోధుమ, బార్లీ కొంచెమే, అవీ తర్వాత వచ్చి చేరినవి. నా చదువు అక్కడి ఉలవతో మొదలై ఇక్కడి గోధుమకు వచ్చింది.

గింజ ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. పంట కోత నుంచి కుండ దాకా ఎన్ని మెట్లుంటాయో, ప్రతి మెట్టులో ఏది రాలిపోతుందో తెలిస్తేనే చెప్పగలం. ఇది గోర్డన్ హిల్‌మన్ టర్కీ పల్లెల్లో, గ్లినిస్ జోన్స్ గ్రీసులోని అమోర్గోస్ దీవిలో రైతుల పక్కన నిలబడి నమోదు చేశారు. కళ్లంలో నూరిస్తే గడ్డి విడిపోతుంది. తూర్పారబడితే తేలికైన పొట్టు, తేలికైన కలుపు గింజలు ఎగిరిపోతాయి. పెద్దకన్ను జల్లెడలో కంకిముక్కలు, బెడ్డలు ఆగుతాయి. చిన్నకన్ను జల్లెడలోంచి చిట్టి కలుపు గింజలు రాలిపోతాయి. చివరికి పంటగింజంత ఉన్న కలుపు గింజ మిగులుతుంది, దానిని చేత్తో ఏరాల్సిందే. నేను ఆ పాఠం చదువుతున్నప్పుడు మా అవ్వ చేట కనిపించింది. చెరిగేటప్పుడు చేట కొసన చేరేదేమిటో, మొదట మిగిలేదేమిటో ఆమెకు చూడకుండానే తెలుసు. నేను దానికి పట్టిక గీసుకోవాల్సి వచ్చింది.

పాతర అడుగు పొరలో వచ్చింది ఇది: స్పెల్ట్ గోధుమ, పొట్టు బార్లీ, వాటి పొట్టు, కలుపు. స్పెల్ట్ మన ఖప్లీ గోధుమకు (ఇక్కడ ఎమ్మర్ అంటారు) చుట్టం. నూరిస్తే గింజ బయటపడదు, పొట్టుతోనే చిన్న ముక్కలుగా విడుతుంది. వడ్లలాగా దంచాలి. దంచినప్పుడు పొట్టు మొదలు గట్టిగా ఉండి విరిగి మిగులుతుంది. ఆ మొదలు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కానీ దాని మీది నరాలను బట్టి స్పెల్టో ఎమ్మరో చెప్పవచ్చు, గింజను బట్టి చెప్పడం కన్నా నమ్మకంగా. కలుపులో బట్టలకు అతుక్కునే గాలియం ఎక్కువ. అది శరదృతువులో విత్తిన చేలల్లో బాగా పెరుగుతుంది. కాబట్టి చలికి ముందే విత్తేవాళ్లు. అన్నీ సుద్దనేలలో, తేలికనేలలో పెరిగే కలుపులే. ఊరి చుట్టూ ఉన్న పొలాల్లోనే పంట.

ఒకప్పుడు గింజలెక్కువుంటే పండించిన ఊరు, కలుపూ పొట్టూ ఎక్కువుంటే కొనితిన్న ఊరు అని, లేదా దానికి తిరగేసి, సూత్రాలు చెప్పేవాళ్లు. 2006లో ఈ రంగంలోనే పనిచేసే వాన్ డెర్ వీన్, గ్లినిస్ జోన్స్ ఆ లెక్కను సరిచేశారు. గింజ కుప్పలుగా దొరికితే అది ఎంత పెద్ద మొత్తంలో ధాన్యంతో పని జరిగిందో చెబుతుంది, ఎవరు రైతో చెప్పదు. నేనూ అదే పాటించాను.

ఒక చేదు అనుభవం: అదే గుంతలో రెండు బ్రెడ్ గోధుమ (ఇప్పుడు మనం తినే రకం) గింజలు వచ్చాయి. ఇనుపయుగంలో బ్రెడ్ గోధుమ అనగానే ఉత్సాహం. ఒకటి వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షకి పంపాం. మధ్యయుగం అని వచ్చింది. వానపాముల బొరియల్లోంచి దిగింది. డార్విన్ 1877లో సర్రేలోని అబింజర్‌లో రోమన్ ఇంటి నేలను వానపాములు ఎలా పూడ్చేశాయో తవ్వించి చూశాడు. అంత పాత సంగతి నాకు గుర్తుండి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

పొయ్యి

పొలం కింది కొసన, ట్రెంచ్ చివర, ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో ఒక గాడి. చెకుముకి రాళ్లు పేర్చి కట్టారు, ఒక కొసన ఎర్రగా కాలిన నేల. ఇదే కౌంటీలోని న్యూ ఫారెస్ట్ బట్టీల కుండపెంకులు ఉన్నాయి కాబట్టి మూడు, నాలుగు శతాబ్దాలది. ఇలాంటివి రోమన్ బ్రిటన్‌లో, ముఖ్యంగా ఆ చివరి కాలంలో, బోలెడు. కింద నుంచి వేడిగాలి పోయి పైన పరిచిన ధాన్యాన్ని వేడి చేస్తుంది. డేన్‌బరీ రోమన్ తవ్వకాల్లో గ్రేట్లీ సౌత్‌లో ఇలాంటివి పెద్దవి బయటపడ్డాయి. ఫుల్లర్టన్‌లో ఏకంగా నీటిమిల్లు ఆనవాళ్లే దొరికాయి. పుస్తకాల్లో పొయ్యికి ఉన్న పేరు "ధాన్యం ఆరబెట్టే పొయ్యి".

గాడిలోంచి తీసిన శాంపిల్ కడిగితే జల్లెడ నిండిపోయింది. పొట్టు మొదళ్లు వేలల్లో. గింజలు వందల్లో. అన్నీ స్పెల్ట్. రిపోర్టు గడువు దగ్గర పడింది, టెన్షన్. రాసేశాను: తడి పంటను ఆరబెడుతుండగా అంటుకుంది, పొట్టుతో ఉన్న ధాన్యం మాడింది.

మా సీనియర్ ఆ డ్రాఫ్టు తిప్పి పంపింది. అంచులో ఒక్కటే ప్రశ్న: "మొలకలు ఎన్ని?"

లెక్కపెట్టలేదు. గొట్టంలాంటి సన్నటి ముక్కలు కనిపించాయి, గడ్డిపీచు అనుకుని పక్కకు తోసేశాను. మళ్లీ పెట్టెలోంచి తీసి రెండు రోజులు కూర్చున్నాను. అవి గడ్డి కాదు, గింజ నుంచి ఊడిన మొలకలు. గింజలను వీపు పైకి తిప్పి చూస్తే, చెడకుండా మిగిలినవాటిలో ఎక్కువ భాగానికి నిలువునా ఒక గాడి ఉంది. పొట్టు లోపల మొలక పాకుతూ నొక్కిన గాడి అది. అదీ అన్నిటిమీదా ఇంచుమించు ఒకే పొడవు. వానకు తడిసి మొలకెత్తిన పంటలో మొలకలు తలా ఒక పొడవుంటాయి, కొన్ని గింజలకు అసలు ఉండవు. కావాలని నానబెట్టి, పరిచి, ఒక్కసారే మొలకెత్తించి, ఒక్కసారే ఆపితేనే ఇలా సమంగా వస్తుంది. మనం రాగి మాల్టుకు చేసే పనే. నాలుగింట మూడు వంతులు మొలకెత్తి ఉంటే మాల్టు అనడం మాలో ఒక మోటు కొలత. మాది ఆ కొలత దాటింది.

మరి అంత పొట్టు ఎందుకుంది? అది పంట కాదు, వంటచెరకు. దంచగా మిగిలిన పొట్టును పొయ్యిలో వేసి కాల్చారు. అది మంట గుంతలో ఎక్కువ, గాడి చివర తక్కువ. రెండు చోట్ల నుంచీ విడిగా శాంపిల్స్ తీసిన తవ్వకం కుర్రాడికి నేను రుణపడి ఉన్నాను, లేకపోతే ఈ తేడా తెలిసేదే కాదు. రెనాల్డ్స్ హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఫాక్స్‌హోల్స్ పొయ్యి నమూనా కట్టి కాల్చి చూసినప్పుడు, ఇది ధాన్యం ఆరబెట్టడానికి పెద్దగా పనికిరాదు, మాల్టుకు బాగా సరిపోతుంది అన్నాడు. ఇప్పుడు రెండింటిలో ఒకటని తేల్చకుండా, రెండు పనులకూ వాడారనేది చాలామంది మాట. నా తప్పు పేరును నమ్మడం. పొయ్యికి "ఆరబెట్టే" అని పేరుంది కాబట్టి ఆరబెట్టారని రాసేశాను.

మాల్టు చేసేది బీరుకు. బీరు తయారీ రోమన్లు తెచ్చింది కాదు, ఇనుపయుగంలోనూ కాచేవాళ్లు. కొత్త విషయం దానికి పొలం కొసన కట్టడం కట్టి, వంటచెరకు సమకూర్చి, ఇంతింత మొత్తాల్లో చేయడం. ఇల్లు దాటిన పని అది.

ఇంకొకటి కలుపులో దొరికింది. పొయ్యి శాంపిల్లో ఆంథెమిస్ కోటులా, దుర్వాసన చామంతి అనుకోండి, గింజలు దండిగా ఉన్నాయి. గరుకైన చిన్న చుక్కల వరుసలతో ఉంటాయి, పొరపాటు పడే అవకాశం లేదు. అది బరువైన బంకనేలల కలుపు. పాతరలో ఒక్కటీ లేదు. మా పొలం సుద్ద. కానీ ఇక్కడి కొండల నెత్తిన చెకుముకి రాళ్లు కలిసిన బంకమట్టి టోపీలా కప్పి ఉంటుంది. కంచుయుగం, ఇనుపయుగం రైతు తేలికనేల దున్నుకుని దాని జోలికి ఎక్కువగా పోలేదు. రోమన్ కాలానికి నాగలికి ఇనుప కర్రు బరువైంది, మట్టిని కోసే కత్తి జతైంది, పశుబలం పెరిగింది, బంకనేల కూడా చేనైంది. పంట మాత్రం అదే స్పెల్ట్, అదే బార్లీ.

పంట మారలేదు, నేల పెరిగింది, పని పెద్దదైంది, పాతర పోయింది. ఈ నాలుగు మాటలే నా రిపోర్టు. చివరిది కొంచెం విప్పాలి. ఇనుపయుగంలో కూడా నాలుగు గుంజల మీద ఎత్తుగా కట్టిన గాదెలు ఉన్నాయి. డేన్‌బరీలో వాటి గుంజల గుంతలు బారులుగా కనిపిస్తాయి. కానీ రోమన్ కాలంలో పాతర దాదాపు మాయమవుతుంది. పాతర ఒకసారి తెరిస్తే గాలి చొరబడుతుంది, మొత్తం తీసేయాలి. రోజూ కొంత కొలిచి ఇచ్చే లెక్కకు, బండెక్కించి పంపే వ్యాపారానికి అది కుదరదు. గాదె కుదురుతుంది. గాదెతోపాటు ముక్కుపురుగు కూడా వచ్చింది. బ్రిటన్‌లో ధాన్యపు ముక్కుపురుగు రోమన్ కాలానికి ముందు కనిపించదు, వాళ్ల ఓడల్లో దిగింది. యార్క్‌లో కోనీ స్ట్రీట్ దగ్గర ఒక రోమన్ గిడ్డంగి అడుగున పురుగుల పొరే దొరికింది. చేసేది లేక దానిమీద మట్టి కప్పేసి పైన మళ్లీ కట్టుకున్నారు.

ధాన్యం ఎక్కడికి పోయేదంటే, గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో బ్రిటన్ ఎగుమతుల పట్టికలో ధాన్యం, పశువులు, తోళ్లు, బానిసలు, వేటకుక్కలు చెప్పాడు, అదీ రోమన్లు దీవిని ఆక్రమించకముందే. 359లో రోమన్ పాలకుడు జూలియన్ రైన్ నది సైన్యానికి బ్రిటన్ నుంచి ఓడల్లో ధాన్యం తెప్పించాడు. మా పొయ్యి దాదాపు ఆ కాలందే. ఇళ్ల కంపెనీ బ్రోషర్ రాసే అమ్మాయి ఆ ఓడల సంగతి ఎక్కడో చదివి, "ఈ పొలం ధాన్యం రోమన్ సైన్యానికి వెళ్లింది అని వేయవచ్చా" అని అడిగింది. వద్దన్నాను. మా పొయ్యిలోది మాల్టు, తాగింది చుట్టుపక్కలవాళ్లే అయి ఉంటారు. "రోమన్ బీరు తయారైన చోటు" అని వేసుకోమన్నాను. అది ఆమెకు ఇంకా నచ్చింది.

ధనియాల కోసం కూడా చూశాను, ఒప్పుకుంటాను. ఇదే కౌంటీ ఉత్తర కొసన సిల్చెస్టర్ పట్టణంలో, రోమన్ దండయాత్రకు ముందటి బావిలోనే ధనియాలు, సెలరీ గింజలు, ఒక ఆలివ్ గింజ దొరికాయి. మా పొలంలో ఒక్క ధనియమూ లేదు. అవి పట్టణపు వంటింటి రుచులు, ఇది కూలి చేసిన పొలం.

ఇప్పుడు

శాంపిల్ సీసాలు, పెంకులు, నత్తలు అట్టపెట్టెల్లో సర్ది కౌంటీ మ్యూజియం భాండాగారానికి చేరాయి. పొయ్యిని పూర్తిగా తవ్వేశాం, అది ఇక కాగితాల్లోనే. గుంతల మీద ఇళ్లు లేచాయి. గట్టు ఒక్కటే మిగిలింది. ప్లానింగ్ వాళ్లు దానిని తవ్వకూడదని షరతు పెట్టి పచ్చికపట్టీగా వదిలించారు, కింది అంచున చెక్కకంచె వేశారు. మొదటి చలికాలం దాటాక సైట్ ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. కంచె అడుగున మట్టి జానెడు ఎత్తు పేరుకుందట, ఎవరైనా తెచ్చి పోస్తున్నారా అని అడిగాడు. పైన గడ్డి ఇంకా పట్టలేదు, వానకు జారుతోంది, తీసేయకండి అని చెప్పాను.